కండ్లు తెరిచిన సీతాఫలం

తల్లిదండ్రులకు, అవ్వలకు, తాతలకు నమస్కారం.

పరీక్షల సంగతి చివర చెప్తాను. ముందు ఒక పుస్తకం గురించి చెప్పాలి.

పోయిన వారం హైదరాబాద్ నుంచి పిల్లల పుస్తకాలకు బొమ్మలు గీసే ఒక మేడమ్ మన బడికి వచ్చారు. తన కొత్త పుస్తకం పది కాపీలు తెచ్చి మనకిచ్చారు. ఒక అవ్వ, మనవరాలు పొద్దున్నే గుట్ట ఎక్కి సీతాఫలాలు తెంపుతారు, గంపకెత్తుకొని హైవే పక్కన కూర్చుని అమ్ముతారు, చీకటి పడేసరికి ఇల్లు చేరతారు. కథ ఇంతే. అట్ట మీద పేరు తప్ప లోపల ఒక్క అక్షరం కూడా లేదు, అన్నీ బొమ్మలే. మన మహబూబ్‌నగర్ జిల్లా బాలానగర్ పేరున్న సీతాఫలం రకాన్ని వేరే రాష్ట్రాల్లో కూడా తోటలు పెట్టి పెంచుతున్నారు. కానీ మన గుట్ట, మన గంప, మన అవ్వ చీర కొంగు నడుముకు చెక్కుకునే తీరు పిల్లల పుస్తకంలోకి రావడం నా ఇరవై రెండేళ్ల సర్వీసులో ఇదే మొదటిసారి చూశాను.

పుస్తకం ఎట్లా తయారవుతుందో మేడమ్ పిల్లలతోనే చేయించారు. పాత న్యూస్‌పేపర్ షీటును మూడుసార్లు మడిచి, అంచులు కత్తిరిస్తే ఎనిమిది ఆకులు, పదహారు పేజీలు వచ్చాయి. అట్లాంటివి రెండు కలిపితే 32. బొమ్మల పుస్తకాలు చాలావరకు 32 పేజీలే ఎందుకుంటాయో మా టీచర్లకు కూడా అప్పుడే తెలిసింది. అసలు బొమ్మలు గీసే ముందు ఆమె ఇట్లాంటి చిన్న పుస్తకమే కుట్టుకొని, పెన్సిల్‌తో గీసి, పేజీ తిప్పినప్పుడు ఏం కనబడాలో చూసుకుంటారట. ఆ పెన్సిల్ పుస్తకం కూడా చూపించారు. మూలలు నలిగి, చెరిపేసిన గీతలతో నల్లబడి ఉంది. పిల్లలు అచ్చు పుస్తకం కన్నా దాన్నే ఎక్కువసేపు పట్టుకున్నారు.

తర్వాత జరిగింది మీకు వివరంగా చెప్పాలి. కాయలు తెంపే పేజీ దగ్గర నాలుగో తరగతి పాప ఒకతి లేచింది. "మేడమ్, ఆ కాయ ఇంకా కండ్లు తెర్వలే. దాన్నెట్ల తెంపిన్రు?" అని అడిగింది. మేడమ్‌కు అర్థం కాలేదు. పాప బయటికి ఉరికి, బడి వెనక చెట్టు నుంచి రెండు కాయలు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఒకటి గట్టిగా, పచ్చగా, బుడిపెలు దగ్గరదగ్గరగా ఉంది. రెండోదాంట్లో బుడిపెల మధ్య సందులు విచ్చుకొని, వెన్నరంగు గీతలు కనబడుతున్నాయి. అదీ కండ్లు తెరవడమంటే. కండ్లు తెరిచిన కాయ తెంపి గంపలో మాగేస్తే పండుతుంది, తెరవనిది తెంపితే నల్లబడి ఎండిపోతుంది. ఇది మనకు చిన్నప్పటి నుంచి తెలిసిందే, ఆమెకు తెలియదు. ఆమె ఆ సందుల మీద వేలు పెట్టి చాలాసేపు చూశారు. తర్వాత లేత పసుపు పెన్సిల్ తీసి, అచ్చయిన పేజీ మీదనే, గంపలోని ప్రతి కాయకూ ఆ గీతలు గీశారు. మళ్లీ అచ్చు వేసేటప్పుడు బొమ్మ మారుస్తానని పాపకు మాటిచ్చారు. ఆ కాపీ కూడా మనకిచ్చిన పదింటిలోదే. వంతు ప్రకారం మీ ఇంటికి వచ్చినప్పుడు ఆ పేజీ చూడండి.

సాయంత్రం రచ్చకట్ట దగ్గర, మరునాడు తండాలో ఆమె అదే పుస్తకం అందరి ముందు పెట్టారు. తండా నుంచి వచ్చే పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, బడిలో తెలుగు. ఒకటో తరగతిలో కొందరు నెలల తరబడి నోరు విప్పరు. ఆ రోజు తండాలో, నేను గొంతు వినని ఒక బాబు వాళ్ల భాషలో కథంతా చెప్పేశాడు. అవ్వకు పేరు పెట్టాడు, మేకకు కూడా పేరు పెట్టాడు. నాకు సగం అర్థం కాలేదు, అయినా కండ్లలో నీళ్లు తిరిగాయి.

"రాతే లేదు, ఇదేం పుస్తకం టీచర్?" అని ఒక అమ్మ అడిగింది. మంచి ప్రశ్న. బొమ్మ చూసి ఎవరు, ఎక్కడ, ముందేమైంది, తర్వాత ఏమవుతుంది అని పిల్లలు చెప్తున్నప్పుడు మాటల్ని వరుసగా పేర్చుకోవడం వస్తుంది. పాఠం చదివి అర్థం చేసుకోవడానికి కావాల్సింది కూడా అదే. ఇంకోటి, చదువు రాలేదని పుస్తకానికి దూరంగా కూర్చునే అవ్వలు, అమ్మలు ఈ పుస్తకం ముందు పిల్లలతో సమానంగా కూర్చోవచ్చు. కాయ కండ్ల సంగతి చెప్పగలిగేది మీరే కదా.

అందుకే ఈ పది కాపీలు గుడ్డ సంచుల్లో పెట్టి వంతుల వారీగా ఇళ్లకు పంపుతున్నాం. మూడు రోజులు ఉంచుకోండి. రాత్రి అన్నం తిన్నాక పది నిమిషాలు పక్కన కూర్చోండి. తప్పు చెప్పాడని దిద్దకండి, "తర్వాతేమైంది?" అని అడగండి చాలు. పుణెలో, ముంబైలో పనికి పోయినవాళ్లు వీడియో కాల్‌లో పేజీలు చూపించమని అడగండి. పిల్లలు మీకు కథ చెప్తారు.

పేజీ చిరిగితే తిట్టొద్దు. చినుగుతాయన్న భయంతో ఎన్నో ఏళ్లు లైబ్రరీ పుస్తకాలు బీరువాలో పెట్టి తాళం వేశాను. అప్పుడు ఐదో తరగతి దాటిపోయిన పిల్లలకు ఆ పుస్తకాలు అందలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. ఇప్పుడు బీరువాకు తాళం లేదు.

ఫోన్ ఉన్నవాళ్లకు ఒక మాట. పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో 2015 నుంచి పిల్లల బొమ్మల కథలు ఉచితంగా ఉన్నాయి, తెలుగులో కూడా ఉన్నాయి. ఎట్లా తెరవాలో మీటింగ్ రోజు చూపిస్తాం.

పరీక్షల టైంటేబుల్ పిల్లల డైరీలో రాయించాం, చూసి సంతకం పెట్టండి.

మూడో శనివారం మీటింగ్‌కు అవ్వలను, తాతలను కూడా తోలుకురండి. చివరి పేజీలో అవ్వ ఒక్క పండు అమ్మకుండా కొంగున దాచుకుంటుంది. అది ఎవరి కోసమో పిల్లలు తలా ఒక మాట చెప్తున్నారు. మీరేమంటారో వినాలని ఉంది.

ఇట్లు
మీ ప్రధానోపాధ్యాయురాలు