సింహం నోట్లో వేసిన ఉత్తరాలు

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం అనుబంధంలో ఇంగ్లండు మీద మీరు వేసిన వ్యాసం చదివానండి. బాగానే ఉంది, ఫొటోలు కూడా బాగున్నాయి, కానీ ఒక చోట ఆగిపోయా. ఇంగ్లీషు వాళ్ళు మొదట్నుంచీ టీ మనుషులే, కాఫీ అలవాటు వాళ్ళకి 1990ల్లో అమెరికా కంపెనీ షాపులొచ్చాకే అంటుకుంది అని రాసారు. చాలామంది అనుకునేది ఇదే, నేనూ కొన్నాళ్ళు అలాగే అనుకునేదాన్ని. కానీ కథ అసలు తిరగబడి ఉందండి. టీ వాళ్ళ ఇంటింటికీ చేరకముందే లండన్ కాఫీ పిచ్చిలో మునిగి తేలింది. అంతకంటే ముఖ్యం ఏంటంటే, మీరు వారం వారం వేసే ఈ పాఠకుల ఉత్తరాల కాలమ్ ఉందే, దీని మూలాలు కూడా ఆ కాఫీ హౌసుల బల్లల దగ్గరే దొరుకుతాయి, అది చెబుదామనే ఈ ఉత్తరం. కాస్త పొడుగవుతుంది, ఏమనుకోకండి.

ఆంథొనీ వుడ్ అని ఆక్స్‌ఫర్డ్ విశేషాలు రాసిపెట్టినాయన ఉన్నాడు, ఆయన లెక్క ప్రకారం 1650లోనే జేకబ్ అనే యూదుడు ఆ ఊళ్ళో కాఫీ అమ్మాడు. లండన్‌లో మాత్రం 1652. డేనియల్ ఎడ్వర్డ్స్ అని, టర్కీ వైపు దేశాలతో వ్యాపారం చేసే లెవాంట్ కంపెనీ వర్తకుడు, టర్కీలోని స్మిర్నాలో వ్యాపారం చేసి వస్తూ వస్తూ పాస్క్వా రోజీ అనే పనివాణ్ణి వెంట తెచ్చుకున్నాడు, వాడు పొద్దున్నే కాఫీ కాచి ఇస్తుంటే ఆ వింత చూడ్డానికీ తాగడానికీ ఇంటికొచ్చే జనం ఎక్కువైపోయారంట, ఇక ఇలా కాదని కార్న్‌హిల్‌లో సెయింట్ మైకేల్ చర్చి పక్కన వాడితోనే ఒక దుకాణం పెట్టించాడు. పక్కనున్న బీరు దుకాణాల వాళ్ళు ఊరుకుంటారా, ఈ రోజీ లండన్ సిటీలో వ్యాపార హక్కున్న పౌరుడు కాదు, ఎలా అమ్ముతాడు అని ఫిర్యాదు. దాంతో ఆ హక్కున్న బౌమన్ అనే అతన్ని, ఎడ్వర్డ్స్ మామగారి దగ్గర బండి తోలేవాడు, భాగస్వామిగా కలిపారు. రోజీ వేసిన కరపత్రం ఇప్పటికీ మిగిలుంది. కాఫీ తాగితే తలనొప్పి పోతుంది, గౌటు అనే కీళ్ళనొప్పి తగ్గుతుంది అని రాసుకుంటూ పోయి, రాత్రి భోజనం అయ్యాక మాత్రం తాగకండి, మూడు నాలుగు గంటలు నిద్ర పట్టదు అని హెచ్చరించాడు. ఆ ఒక్క ముక్కా నిజమే పాపం. ఇప్పుడా స్థలంలో ఉన్నది వైన్ హౌస్ అండి, బీరు దుకాణాల వాళ్ళ ఉసురు తగిలినట్టుంది!

మరి ఆ కాఫీ రుచిగా ఉండేదా అంటే, లేదు. 1660లో ప్రభుత్వం కాఫీ మీద ఎక్సైజ్ సుంకం వేసింది, గింజల మీద కాదు, కాచిన కాఫీ మీద, గ్యాలన్‌కి 4 పెన్నీలు. సుంకం ఆఫీసరు వచ్చి కొలవాలి కదా, అందుకని ఒకేసారి పెద్ద ఎత్తున కాచేసి, పీపాల్లో పోసి ఉంచి, కావాల్సినప్పుడు మళ్ళీ వేడి చేసి పోసేవాళ్ళు. ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. 1663లో ఎవరో పద్యంలో దాన్ని మసి పానకం, పాత చెప్పుల సారం అని తిట్టారు. అలాంటి దాని కోసం జనం ఎగబడ్డారంటే వాళ్ళొచ్చింది కాఫీ కోసం కాదని నా అభిప్రాయం. కబురు కోసం వచ్చారు.

ఒక్క పెన్నీ చాలు. ఆ పెన్నీకి పొయ్యి వెచ్చదనం, పొడుగాటి బల్ల, బల్ల మీద వార్తాపత్రికలు, చేత్తో రాసిన వార్తల ఉత్తరాలు, పక్కన కూర్చున్నవాడి నోరు, అన్నీ కలిపి. అందుకే వీటిని పెన్నీ యూనివర్సిటీలు అన్నారు. ఎవరు ముందొస్తే వాళ్ళు ఖాళీగా ఉన్న చోట కూర్చోవాలి, పెద్దమనిషి వచ్చాడని లేవక్కర్లేదు. 1674లో అచ్చయిన పద్యాల రూల్సులో ఇదీ ఉంది, ఒట్లు పెట్టుకుంటే 12 పెన్నీల జరిమానా ఉంది, తగువు మొదలెట్టినవాడు అందరికీ తలా ఒక డిష్ కాఫీ పోయించాలని కూడా ఉంది. అవి సరదాకి రాసినవే కావచ్చు, గోడకి అంటించి అమలు చేసేంత సీరియస్ కాకపోవచ్చు, కానీ ఎలాంటి చోటు అని చూపించుకోవాలనుకున్నారో తెలుస్తుంది కదా. 1659లో వెస్ట్‌మినిస్టర్ దగ్గర మైల్స్ కాఫీ హౌస్‌లో జేమ్స్ హారింగ్టన్ అనే రాజకీయ రచయిత వాళ్ళు రోటా అని క్లబ్బు పెట్టారు, మైల్స్ మధ్యలో నిలబడి కాఫీ అందించడానికి వీలుగా నడుమ ఖాళీ వదిలిన కోడిగుడ్డు ఆకారం బల్ల, వాదన అయ్యాక పెట్టెలో ఓటు వేయడం. దేశానికి రాజు ఉండాలా వద్దా అని తేలని రోజులవి, వీళ్ళేమో కాఫీ ముందు పెట్టుకుని ప్రభుత్వం ఎలా ఉండాలో ఓట్లు వేసుకుంటున్నారు.

1660లో రాజరికం తిరిగొచ్చాక రాజుకి ఇవన్నీ కంట్లో నలుసే అయ్యాయి. 1675 డిసెంబర్ 29న రెండో ఛార్లెస్ ఒక ప్రకటన ఇచ్చాడు, జనవరి 10 నుంచి రాజ్యంలో కాఫీ హౌసులన్నీ మూసెయ్యాలి అని. కారణం దాచుకోలేదు కూడా, పని మానేసి కూర్చుంటున్నారు, అబద్ధపు వార్తలు పుట్టించి ప్రభుత్వాన్ని ఆడిపోసుకుంటున్నారు అన్నాడు. కానీ కాఫీ అమ్మేవాళ్ళు ఒకరా ఇద్దరా, 1663కే లండన్ సిటీలో ఎనభైకి పైగా ఉన్నాయి, పైగా రాజుగారి మంత్రులూ తాగేది అక్కడే, ఖజానాకి సుంకం వచ్చేదీ అక్కణ్ణుంచే. గోల గోల అయిపోయింది. గడువుకి రెండ్రోజుల ముందే, జనవరి 8న, ఆ ప్రకటన వెనక్కి తీసుకున్నారు. దుకాణదారులు తప్పుడు కాగితాలు, పుకార్లు రానివ్వం అని హామీ ఇవ్వాలన్నారు, ఇచ్చారు, మర్నాటి నుంచి మళ్ళీ అదే మాటలు.

ఇప్పుడు అసలు సంగతికొస్తా. 1691లో జాన్ డంటన్ అనే పుస్తకాల వ్యాపారి ఎథీనియన్ మెర్క్యురీ అని ఒక పత్రిక మొదలెట్టాడు. దాని పద్ధతి ఏంటంటే పాఠకులు పేరు చెప్పకుండా ఏ ప్రశ్నయినా పంపొచ్చు, మతం, సైన్స్, ప్రేమ, పెళ్ళి, ఏదైనా. జవాబులు అచ్చేస్తారు. ఆ ప్రశ్నలు పంపాల్సిన అడ్రసు పత్రికాఫీసు కాదండి, పౌల్ట్రీ వీధి దగ్గర స్మిత్స్ కాఫీ హౌస్. తర్వాత 1709లో రిచర్డ్ స్టీల్ టాట్లర్ మొదలెట్టినప్పుడు ఇంకా తమాషా చేసాడు, వార్తల్ని కాఫీ హౌసుల పేరు మీదే పంచేసాడు. కవిత్వం సంగతులు విల్స్ నుంచి, చదువుల సంగతులు గ్రీషియన్ నుంచి, దేశవిదేశాల వార్తలు సెయింట్ జేమ్స్ నుంచి, షికార్లూ సరదాలూ వైట్స్ చాక్లెట్ హౌస్ నుంచి. ఇవాళ మీరు సినిమా పేజీ, బిజినెస్ పేజీ, స్పోర్ట్స్ పేజీ అని విడగొడతారు చూడండి, వాళ్ళకి పేజీ అంటే ఒక బల్ల. ఫలానా మనుషులు ఫలానా చోట కూర్చుంటారని ఊరందరికీ తెలుసు, అంతకుముందు కవి డ్రైడెన్ బతికున్నన్నాళ్ళూ విల్స్‌లో కూర్చునేవాడు, చలికాలం పొయ్యి పక్కన ఆయన కుర్చీ ఒకటి ప్రత్యేకం.

1713లో స్టీల్ గార్డియన్ అని ఇంకో పత్రిక పెట్టాడు (ఇప్పుడున్న గార్డియన్ కాదండోయ్, అది చాలా తర్వాత). అప్పుడు ఆయనతో కలిసి రాసే జోసెఫ్ ఆడిసన్ లండన్ కోవెంట్ గార్డెన్‌లో బటన్స్ కాఫీ హౌస్‌లో ఒక సింహం తల పెట్టించాడు, నోరు తెరుచుకుని ఉంటుంది, ఎడిటర్‌కి చెప్పాల్సింది ఏదున్నా రాసి ఆ నోట్లో వెయ్యాలి. లోపల పెట్టెలో పడతాయి, అందులో మంచివి ఏరి అచ్చేస్తారు. వెనీస్‌లో కూడా సింహం నోళ్ళుండేవి, కాకపోతే అవి ప్రభుత్వానికి రహస్య ఫిర్యాదులు వెయ్యడానికి, ఎవడు ఎవడి మీద కోపంతో ఏం వేసాడో ఆ దేవుడికే తెలియాలి. లండన్ సింహం తిన్నది మాత్రం పదిమందీ చదవడానికి బయటికొచ్చేది. నాకు ఆ తేడా చాలా నచ్చుతుంది. ఆ తల ఇంకా ఉంది, చాలా చేతులు మారి చివరికి డ్యూక్ ఆఫ్ బెడ్‌ఫర్డ్ వాళ్ళ వోబర్న్ అబ్బేకి చేరింది.

సర్క్యులేషన్ గురించి మీ వాళ్ళు బాధపడుతుంటారు కదా, స్టీల్, ఆడిసన్ కలిసి నడిపిన స్పెక్టేటర్ పత్రిక లెక్క వినండి. 1711లో అది రోజుకి 3000 కాపీలు పోతోందని, ఒక్కో కాపీకి ఇరవైమంది పాఠకులు అనుకున్నా తక్కువే అని వాళ్ళే రాసుకున్నారు. గొప్పలు కొంత ఉంటాయి, కానీ ఒక కాపీ బల్ల మీద పడి రోజంతా నలిగేది కాబట్టి ఆ లెక్క మరీ కొట్టిపారెయ్యడానికి లేదు. 1720ల చివర కాఫీ హౌసు యజమానులకి ఇదే తలనొప్పయింది, ఎన్ని పత్రికలని కొనాలి, కొనకపోతే గిరాకీ పక్క దుకాణానికి పోతాడు, అందుకని మా అందరిదీ ఒకటే పత్రిక పెట్టుకుంటాం, వార్తలు మా కస్టమర్లే తెస్తారు, మిగతావి తెప్పించం అని ఒక ప్రతిపాదన పట్టుకొచ్చారు. అందరూ నవ్వారు, అది అక్కడితో ఆగిపోయింది. వార్త పుట్టేది మా బల్ల మీదే కదా, పత్రికల వాళ్ళకి ఎందుకు డబ్బులివ్వాలి అన్న వాళ్ళ వాదన మాత్రం ఈ సోషల్ మీడియా రోజుల్లో అంత నవ్వులాటగా అనిపించట్లేదు నాకు.

లాయిడ్స్ గురించి మీ వ్యాసంలో ఒక లైనుంది కాబట్టి ఎక్కువ చెప్పను. 1688 నాటికే టవర్ స్ట్రీట్‌లో ఎడ్వర్డ్ లాయిడ్ కాఫీ హౌస్ ఉంది, ఓడల కెప్టెన్లూ సరుకు యజమానులూ అక్కడ చేరేవాళ్ళు, ఏ ఓడ ఎక్కడుందో కబుర్లు దొరికేవి, ఓడ మునిగితే నష్టం మేం భరిస్తాం అని సంతకం పెట్టేవాళ్ళూ అక్కడే దొరికేవాళ్ళు. అది ముదిరి ఇన్సూరెన్స్ సామ్రాజ్యమయింది, అక్కడి యూనిఫాం సిబ్బందిని ఇప్పటికీ వెయిటర్లనే అంటారు. అలాగే జోనాథన్స్ కాఫీ హౌస్, 1698లో జాన్ కాస్టెయింగ్ షేర్లూ సరుకుల ధరల పట్టీ అచ్చేసి అమ్మింది అక్కడే, లండన్ స్టాక్ ఎక్స్చేంజి వంశవృక్షం మొదలయ్యేదీ అక్కడే.

మీ వ్యాసం పూర్తిగా వదిలేసిన సంగతి ఇంకోటుంది. అందరూ సమానంగా కూర్చునేవాళ్ళు అని అంటాం గానీ అందరూ అంటే మగవాళ్ళే. ఆడవాళ్ళు గల్లా దగ్గర ఉండి కాఫీ పోసేవాళ్ళు, దుకాణం నడిపేవాళ్ళు కూడా, కోవెంట్ గార్డెన్‌లో టామ్ కింగ్స్ కాఫీ హౌస్‌ని భర్త పోయాక నడిపింది మోల్ కింగే. కానీ బల్ల దగ్గర కూర్చుని వాదించడానికి వాళ్ళకి చోటు లేదు. 1674లో కాఫీకి వ్యతిరేకంగా మహిళల పిటిషన్ అని ఒకటి అచ్చయింది, మనిషిని ఎండగట్టే ఈ నీళ్ళు తాగి మా మొగుళ్ళు ఎందుకూ పనికిరాకుండా పోతున్నారని, కబుర్లలో మమ్మల్ని మించిపోయారని. అందరూ అది ఆడవాళ్ళ కోపంగా చూపిస్తారు గానీ చదివితే ఎవరో మగాడు వేళాకోళానికి రాసినట్టే ఉంటుంది నాకైతే. ఇంకా చేదు సంగతి, పారిపోయిన బానిసల్ని పట్టిచ్చినవాళ్ళకి బహుమానం అని అప్పటి పత్రికల్లో ప్రకటనలు పడేవి, తెచ్చి అప్పగించాల్సిన చోటుగా చాలాసార్లు ఒక కాఫీ హౌసు పేరే ఉండేది. స్వేచ్ఛ గురించి వాదించే బల్లా, ఆ ప్రకటన చదివే బల్లా ఒకటేనండి. ఆ కాఫీలో కలుపుకునే పంచదార ఎవరి చెమటో వేరే చెప్పాలా.

మరి టీ ఎలా గెలిచింది అంటే, ఇంట్లో గెలిచింది. కాఫీకి వేయించాలి, పొడి కొట్టాలి, కాచాలి, టీకి వేడినీళ్ళు చాలు. థామస్ ట్వైనింగ్ 1706లో టామ్స్ అనే కాఫీ హౌస్ కొన్నాడు, చివరికి పేరొచ్చింది మాత్రం టీ వ్యాపారంలో. ఈస్టిండియా కంపెనీ ఓడల నిండా టీ దింపుతోంది, 1784లో టీ మీద సుంకం 119 శాతం నుంచి పన్నెండున్నరకి దించేసారు, ఇక అడ్డేముంది. డబ్బున్నవాళ్ళు కాఫీ హౌసులు వదిలేసి తలుపులు మూసుకునే క్లబ్బుల్లోకి వెళ్ళిపోయారు, ఇందాకటి వైట్స్ చాక్లెట్ హౌసే క్లబ్బయి కూర్చుంది. అయినా కాఫీ చచ్చిపోలేదు. తర్వాతి శతాబ్దంలో సుంకాలు తగ్గాక కూలిపని వాళ్ళ కాఫీ రూములొచ్చాయి, 1953లో లండన్ సోహోలో ఫ్రిత్ స్ట్రీట్‌లో మోకా బార్ అని గాజియా ఎస్ప్రెస్సో మెషీన్‌తో తెరిచారు, కుర్రకారంతా అక్కడే. 1956లో టూ ఐస్ అనే కాఫీ బార్ వచ్చింది, దాని కింద ఇరుకు గదిలో పాడిన కుర్రాళ్ళలోంచే టామీ స్టీల్, క్లిఫ్ రిచర్డ్ లాంటి పాప్ గాయకులు పైకొచ్చారు. కోస్టా అన్నదమ్ములు లండన్‌లో గింజలు వేయించడం మొదలెట్టింది 1971. స్టార్‌బక్స్ అక్కడ అడుగుపెట్టింది 1998లో, అంటే రోజీ దుకాణం పెట్టిన 346 ఏళ్ళకి. కాబట్టి ఆ 1990ల వాక్యానికి చిన్న సవరణ వేస్తే బాగుంటుంది.

ఇంకో మనవి, ఉత్తరాల పేజీ ఈమధ్య అర పేజీకి, ఇప్పుడు ఒక కాలమ్‌కి దిగిపోయింది, నా ఉత్తరం ఇంతుందని చూసి కత్తెర తీస్తారని తెలుసు. లాయిడ్స్ తీసెయ్యండి, చార్లెస్ రాజుని తీసేసినా పర్లేదు, సింహం ఉన్న పేరా మాత్రం ఉంచండి.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు