కట్ట దగ్గర మాతో నిలబడ్డ వాళ్లందరికీ

ఆలస్యంగా రాస్తున్నా, ఏమీ అనుకోవద్దు. నాట్లు అయ్యేదాకా తీరికే దొరకలేదు.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను తీరం దాటింది బాపట్ల దగ్గరే గానీ, అంతకుముందే మా నెల్లూరు తీరాన్ని ముంచేసింది. ఇందుకూరుపేట వైపు మా నారుమళ్లు నీళ్లలో, దిగువ ఊరి రొయ్యల గుంటలూ నీళ్లలో. నీళ్లు పోవాల్సిన డ్రైను పూడిపోయింది, మిగిలిన కాస్తా గుంటల కట్టలు మింగేశాయి. కట్టకి గండి కొడితే మా నారు బతుకుతుంది, వాళ్ల రొయ్యలు కొట్టుకుపోతాయి. ఈ తగువు ఇప్పటిది కాదు. తీరంలో రొయ్యల సాగు మీద 1996లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, 2005లో చట్టం కూడా వచ్చింది, అయినా వాన కురిసే రాత్రి కట్ట మీద పారలు పట్టుకుని ఎదురెదురుగా నిలబడేది మనవాళ్లే.

రాజీ కుదర్చబోయి మధ్యలో మేం కొందరం, అటు ఊరి కుర్రాళ్లు కొందరు, అడకత్తెరలో పోకచెక్కల్లా ఇరుక్కుపోయాం. ఇటువాళ్లు 'అమ్ముడుపోయార్రా మీరు' అన్నారు, అటువాళ్లూ అదే మాట. తిండి, నిద్ర లేవు, ఫోన్ మోగితే గుండె దడ.

మొదటి దండం రిటైరైన లస్కరు (కాలువలు, తూములు చూసుకునే ఉద్యోగి) పెద్దాయనకి. మోకాలి లోతు నీళ్లలో కర్ర పట్టుకుని నడిచొచ్చి, సర్కారు తుమ్మ పొదల కింద పూడుకుపోయిన పాత తూము ఎక్కడుందో చూపించారు. కట్ట తెగ్గొట్టకుండానే నీళ్లు కదిలాయి. ఏ మ్యాపులోనూ మాకు కనబడని తూము అది!

రెండోది ఒంగోలు నుంచి వచ్చిన కౌన్సెలర్ అక్కకి. మీరు వచ్చింది తుఫాను షెల్టర్లో ఉన్నవాళ్ల కోసం, కానీ మమ్మల్ని చూడగానే అడిగిన మొదటి మాట 'తిన్నారా, ఎప్పుడు పడుకున్నారు?' అని. కట్ట కాపలాకి వంతులు పెట్టించారు, ప్రతి వంతులో ఊరికొకరు ఉండాల్సిందే అన్నారు, వంతు దిగినవాళ్లు వాట్సాప్ గ్రూపు చూడకూడదన్నారు (ఇదే అన్నిటికన్నా కష్టమైంది). ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స పుస్తకంలో సాయం చేసేవాళ్లు తమను తాము చూసుకోవడం మీదే ఒక అధ్యాయం ఉందని మీరు చెప్పేదాకా, అలసిపోయామని చెప్పుకోవడమే తప్పనుకునేవాళ్లం. మాలో ఒకడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేశాడు, ఇప్పుడు బాగున్నాడు. జోర్డాన్ నది నీళ్ల కోసం ఇజ్రాయెల్, పాలస్తీనా, జోర్డాన్ మనుషుల్ని 1994లో పుట్టిన ఎకోపీస్ అనే సంస్థ ఒకచోట కూర్చోబెడుతోందని, ఈ పనిని పర్యావరణ శాంతి స్థాపన అంటారని మీరు చెబితే, మా మురుగు డ్రైనుకి ఇంత పెద్ద పేరా అని నవ్వుకున్నాం. కానీ ఆ రాత్రి తర్వాత ఇద్దరు కుర్రాళ్లు 'మేం మానేస్తాం' అన్న మాట వెనక్కి తీసుకున్నారు.

దిగువ ఊరి అక్కలూ, పిన్నులూ, గొడవ తేలకముందే మా షెల్టరుకి చేపల పులుసు పంపారు చూడండి, దానికి ఏం చెప్పాలో ఇప్పటికీ తెలీదు. డిసెంబరులో పులుసులోకి మామిడికాయ ఎక్కడ దొరికిందో మాత్రం చెప్పాలి.

ఎండాకాలంలో డ్రైను పూడిక రెండు ఊళ్లూ కలిసి తీయాలని ఒప్పుకున్నాయి, లెక్కలు గ్రామ సచివాలయం గోడకి అంటిస్తాం. తూము దగ్గర పొదలు పెకలించిన జేసీబీ అన్న నంబరు ఎవరి దగ్గరైనా ఉంటే నాకు పంపండి, ఆయన డీజిల్ డబ్బులు కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు.