పెళ్లి వహాకాలోనే చేద్దాం

చిన్నా,

మెక్సికోలోని కాన్‌కూన్‌లో రిసార్టు మాట్లాడేసి, పెళ్లీ విందూ ఒక్క రోజులో కానిచ్చేస్తే రెండు వైపులా టెన్షన్ ఉండదన్నావు. నాన్నకి ఆ మాట నచ్చింది. నాకు నచ్చలేదు, అమ్మాయి వాళ్ల వహాకాలోనే చేద్దాం. మొన్న వాళ్లమ్మగారితో వీడియో కాల్‌లో చాలాసేపు మాట్లాడాను. అమ్మాయే మధ్యలో కూర్చుని ఇటుమాట అటు, అటుమాట ఇటు చెప్పింది. ఆవిడ రిసార్టు వద్దని ఒక్క ముక్క కూడా అనలేదు. కానీ చర్చిలో మీ ఇద్దరికీ లాసో వేసేదెవరో అప్పుడే అనుకుని పెట్టుకున్నారు.

లాసో అంటే రెండు వలయాలున్న పొడుగాటి జపమాల. ప్రమాణాలయ్యాక ఒక వలయం నీ భుజాల మీద, ఇంకోటి ఆ పిల్ల భుజాల మీద వేస్తారు. మధ్యలో ఎనిమిది అంకెలా కలిసి ఉంటుంది. తంతు ముగిసేదాకా అలాగే ఉండాలి. మన బ్రహ్మముడి లాంటిదే అనుకో. వేసేది ఫాదర్ కాదు, పద్రీనోలనే దంపతులు.

వాళ్ల పెళ్లంతా ఈ పద్రీనోల మీదే నడుస్తుంది. లాసోకి ఒక జంట, ఉంగరాలకి ఒక జంట, కేకుకి ఒకరు, బ్యాండుకి ఒకరు. ఎవరి వంతు ఖర్చు వాళ్లదే. అందరికన్నా పెద్ద పద్రీనోల పని పెళ్లితో అయిపోదు. రేపు మీ ఇద్దరికీ మాటా మాటా వస్తే కూర్చోబెట్టి చెప్పేది వాళ్లే. కేకు తనదేనని ఆవిడ అన్నగారు ఇప్పటికే చెప్పేశారట. అన్నీ ప్యాకేజీలో వచ్చేస్తే ఆయనకి చేయడానికి ఏం మిగులుతుంది? ఖర్చంతా మేమే పెట్టుకుంటామని నువ్వు గొప్పగా అంటే వాళ్లకి చిన్నతనంగా ఉంటుంది, ఆ మాట నోట రానీయకు.

చర్చి పెళ్లికి అక్కడ చట్టపరంగా విలువ లేదు. 1859లో అప్పటి అధ్యక్షుడు బెనీతో హువారెస్ ప్రభుత్వం పెళ్లి నమోదుని చర్చి చేతిలోంచి తీసేసింది. ఆయన పుట్టిందీ ఆ వహాకా రాష్ట్రంలోనే. అందుకని రిజిస్ట్రేషన్ వేరేగా చేసుకోవాలి. అప్పుడు ఆస్తులు ఉమ్మడిగానా, విడివిడిగానా అని అడుగుతారు, ముందే అనుకుని వెళ్లండి. నీ బర్త్ సర్టిఫికెట్‌కి ఇక్కడ అపోస్టిల్, అంటే పరాయి దేశంలో చెల్లడానికి వేసే ముద్ర, వేయించే పని నాన్న చూసుకుంటారు. స్పానిష్ అనువాదం అక్కడి అధికారిక అనువాదకులతోనే చేయించు.

మతం మారాలా అని మీ అత్తయ్య రోజూ అడుగుతోంది. అక్కర్లేదు. బాప్తిస్మం తీసుకోనివాణ్ణి చేసుకోవాలంటే అమ్మాయి తరఫున బిషప్ అనుమతి కావాలి, అంతే. పెళ్లికి ముందు క్లాసులకి ఇద్దరూ వెళ్లాలట. అయితే పుట్టబోయే పిల్లల్ని క్యాథలిక్కులుగా పెంచడానికి తన శక్తి కొద్దీ ప్రయత్నిస్తానని అమ్మాయి మాటివ్వాలి. ఆ సంగతి నీకూ చెబుతారు. ఆ రోజు తలూపేసి, రేపు పుట్టువెంట్రుకల దగ్గర నన్ను అడ్డం పెట్టుకుంటే ఊరుకోను. ఇద్దరూ కూర్చుని ఇప్పుడే తేల్చుకోండి.

చర్చిలోంచి బయటికి రాగానే కలెందా మొదలవుతుంది. ఊరేగింపన్నమాట. ఆవిడ తమ పెద్దమ్మాయి పెళ్లి వీడియో చూపించారు. బ్యాండు ముందు ఒకతను పొడుగాటి కర్ర మీద పెద్ద గుండ్రటి గుడ్డబుట్ట లాంటిది గిరగిరా తిప్పుతున్నాడు. వెనకాల మనిషి లోపల దూరి ఆడించే ఎత్తైన బొమ్మలు, వాటి చేతులు ఎటు పడితే అటు ఊగిపోతున్నాయి. రంగురంగుల పావడాల్లో ఆడవాళ్లు నెత్తిన పూలబుట్టలతో తిరుగుతూ ఆడుతున్నారు. వచ్చినవాళ్ల మెడలో చిన్న కప్పు వేలాడదీసి మెస్కాల్ అనే మద్యం పోస్తున్నారు. ఆ ముక్క మీ నాన్నకి ఇంకా చెప్పలేదు.

విందులో మీ ఇద్దరినీ కుర్చీలు ఎక్కించి నిలబెడతారు. మిగతావాళ్లు చేయీ చేయీ పట్టుకుని పాములా మీ మధ్య నుంచి పరిగెడతారు, పడేయాలని చూస్తారు కూడా. కుర్చీ పట్టుకోవడానికి బావని పెట్టుకో. ఆ తర్వాత స్నేహితులు పెళ్లికొడుకుని శవయాత్ర సంగీతం వాయిస్తూ గాల్లోకి ఎగరేస్తారట! పెళ్లిలో ఆ పాటేమిటో నాకైతే మింగుడుపడలేదు. ఆవిడ మాత్రం పడీ పడీ నవ్వారు. నీ నడుం సంగతి ముందే చెప్పి పెట్టు.

భోజనం దగ్గరే మనకి చిక్కు. ఎండుమిర్చి, నువ్వులు, చాక్లెట్ ఇంకా ఏవేవో నూరి వండే మోలే అనే నల్లటి పులుసుని కోడి మీదో, టర్కీ కోడి మీదో పోసి పెడతారు. మామ్మ ముట్టదు. పోనీ బీన్సు తింటుందిలే అనుకోకు, వాటిలో పందికొవ్వు వేయడం మామూలేనట. మామ్మకి నూనెతో విడిగా వండించమని అమ్మాయితో చెప్పించు.

ఇంకో మాట. తంతులో నువ్వు ఆ పిల్ల దోసిట్లో 13 నాణేలు పోయాలి, అర్రాస్ అంటారు. నా సంపాదన నీకు అప్పగిస్తున్నానని. క్రీస్తు, ఆయన 12 మంది శిష్యులు కలిపి 13 అని కొందరంటారు. ఏడాదికి 12 నెలలు, పదమూడోది పేదలకి అని ఇంకొందరు. ఈ మధ్య అమ్మాయి కూడా తిరిగి అబ్బాయి చేతిలో పోస్తోందట, మీరూ అలాగే చేయండి. కింద పడేయకు, నీ చేతుల సంగతి నాకు తెలుసు. ఆ అర్రాస్ వంతు మాదేనని ఆవిడతో అన్నాను, సంతోషించారు. వెండివి ఇక్కడ మన కంసాలి దగ్గర చేయించనా, అక్కడి నాణేలే కావాలా? ఆవిడని కనుక్కుని ఈ వారంలో చెప్పు.

అమ్మ