వార్షిక నివేదిక: ప్రామాణిక పరీక్షలు, బోధనాభ్యసన సామగ్రి

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది సమావేశాల్లో ఎక్కువ వాదన ప్రామాణిక పరీక్షల మీదే నడిచింది. పరీక్షలే వద్దన్నది మన వాదన కాదు. ‘20కి 11’ అన్న ముక్క ఒక్కటే, అదీ పిల్లలు పై తరగతికి వెళ్లిపోయాక చేతికొస్తే దాంతో ఏం చేయాలన్నదే మన అభ్యంతరం. అందుకే తప్పు జవాబులను చదివే పద్ధతిపై ఈసారి శిక్షణ పెట్టాం.

ఉదాహరణకు, 52 నుంచి 38 తీసేస్తే 14. జవాబు 26 అన్నవారు ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేశారు. 24 అన్నవారు పది అప్పు తెచ్చుకున్నారు గానీ, పదుల స్థానంలో ఒకటి తగ్గించడం మరిచారు. ఇద్దరికీ పోయేది ఒకే మార్కు, చెప్పాల్సిన పాఠాలు మాత్రం రెండు. మొదటివారికి పదేసి పుల్లల కట్టలు 5, విడి పుల్లలు 2 ఇచ్చి 38 తీసివ్వమనాలి. విడివి ఎనిమిది లేవు కాబట్టి కట్ట విప్పక తప్పదు. రెండోవారు కట్ట విప్పగానే పలక మీద పదుల స్థానంలో 5 కొట్టేసి 4 రాయాలి. పుల్లల పని, పలక మీది పని వేర్వేరుగా సాగితే సామగ్రి ఆటవస్తువే అవుతుంది. కట్టలో తొమ్మిదో పదకొండో ఉంటే మొత్తం పాఠమే బెడిసికొడుతుంది, ముందే లెక్కపెట్టుకోండి.

పాఠం వచ్చినవారిని, రానివారిని ప్రశ్న వేరు చేస్తోందా అని చూడటానికి తరగతిలో మార్కుల్లో పై 27 శాతం, కింది 27 శాతం పిల్లల జవాబు పత్రాలు చాలు. 40 మందిలో ఇటు 11, అటు 11. ఒక ప్రశ్నకు పైవారిలో 9 మంది, కిందివారిలో 4 మంది సరిగ్గా రాస్తే తేడా 5. దాన్ని 11తో భాగిస్తే 0.45, మంచి ప్రశ్నే. 0.2 లోపు వస్తే ప్రశ్న వాక్యాన్ని మళ్లీ చదవాలి. రుణ సంఖ్య వస్తే ముందు చూడాల్సింది సరైన జవాబుల పట్టికను (‘కీ’ని), పిల్లలను కాదు. ఒక్క తరగతితో తేలేది సూచన మాత్రమే, తీర్పు కాదు.

నాలుగు ఐచ్ఛికాలున్న 20 ప్రశ్నలకు గుడ్డిగా గుర్తులు పెట్టినా సగటున 5 మార్కులొస్తాయి. కాబట్టి 5 తెచ్చుకున్నవారికి పావు వంతు పాఠం వచ్చిందనుకోవద్దు. ‘పైవన్నీ’ అన్న ఐచ్ఛికాన్ని మన ప్రశ్నల నిధి నుంచి తొలగించాం. రెండు సరైనవని తెలిస్తే మూడోది తెలియకపోయినా మార్కు వచ్చేస్తుంది. వాక్యాల్లో ఇచ్చిన లెక్క తప్పినవారికి అదే లెక్క చదివి వినిపించండి. అప్పుడు చేయగలిగితే లోటు చదవడంలో ఉంది.

నమూనా పరీక్షల విషయంలో సభ్యులు ఏకాభిప్రాయానికి రాలేదు. జవాబుల గళ్లు నింపే ఓఎంఆర్ పత్రం అలవాటు కావడానికి ఒకటి రెండు చాలని కార్యవర్గం భావన. భిన్నాల పట్టీల తయారీ వచ్చే ఏడాదికి వాయిదా పడింది.