థ పొట్టలో చుక్క మరవొద్దు

సంపాదకులకు నమస్కారం.

ఫ్లెక్సీల మీదే కాదు, పత్రికల్లోనూ టీవీ స్క్రోలింగుల్లోనూ ‘విద్యార్ధి’, ‘ఆర్ధిక మంత్రి’, ‘ప్రధమ బహుమతి’ కనబడుతుంటే ప్రాణం ఉసూరుమంటోంది. వీటన్నింటిలో ఉండాల్సింది పొట్టలో చుక్క ఉన్న థ. అర్ధరాత్రి, అర్ధశతకం సరైనవే, అక్కడ చెబుతున్నది సగమనే. అర్థం, ఆర్థికం, అభ్యర్థి, ప్రార్థనలకు సగంతో పనిలేదు, థ రాయాలి. స్పర్ధ, వర్ధంతి వేరే ధాతువుల నుంచి వచ్చాయి కనుక వాటికి ధ తప్పదు. పలకడంలో థ, ధ రెండూ ఒకేలా అయిపోవడంతో చేతికీ అదే అలవాటైంది. చిన్న అక్షరాల్లో చుక్క కనబడదు, ప్రూఫు దిద్దేటప్పుడు తెరపై పెద్దది చేసి చూడాలి.

పునః తర్వాత ప వస్తే విసర్గ (ః) నిలుస్తుంది: పునఃప్రారంభం, పునఃపరిశీలన. జ, న, వ వంటివి వస్తే ర్ అవుతుంది: పునర్జన్మ, పునర్నిర్మాణం, పునర్విభజన. ‘పునర్‌ప్రారంభం’, ‘పునఃనిర్మాణం’ రెండూ తప్పే.

అన్నిటికన్నా చికాకు ‘జరిగింది’. ‘మంత్రి ప్రారంభించడం జరిగింది’ ఎందుకు? ‘మంత్రి ప్రారంభించారు’ చాలదా? పెళ్లి జరుగుతుంది, ప్రమాదం జరుగుతుంది. చేసినవారు ఉన్న పనికి ఆ మాట తగిలిస్తే బాధ్యత ఎవరిదో తెలియదు. ‘నిధులు దారి మళ్లించడం జరిగింది’ అన్న వాక్యంలో మళ్లించిందెవరు? వార్త రాసేవారు ముందు కర్తను వెతకాలి, తర్వాతే క్రియ.

అరెస్టయిన మనిషిని ‘దోషి’ అని రాయడం మరీ అన్యాయం. నేరం రుజువైందని కోర్టు తీర్పు చెప్పేదాకా అతను నిందితుడే.

– తెలుగు భాషోపాధ్యాయులు, తెనాలి