చిత్రకళ వార్త అంటే వేలం ధర ఒక్కటేనా?

సంపాదకుడు గారికి నమస్కారం.

మన పత్రికల్లో చిత్రకళ గురించి వార్త వచ్చిందంటే, ఫలానా బొమ్మ వేలంలో ఇన్ని కోట్లు పలికిందన్నదే ఎక్కువగా ఉంటుంది. బొమ్మలో ఏముందో చెప్పే వాక్యం కోసం వెతుక్కోవాలి. కళకు కొలత డబ్బేనని బొమ్మలు వేసే పిల్లలకు మనమే నూరిపోస్తున్నాం. ఇది చూడలేకే, చెక్క మీద బొమ్మలు చెక్కి అచ్చువేసిన చిత్రకారుడు ఫ్రిట్జ్ ఐకెన్‌బర్గ్ గురించి రాస్తున్నాను.

ఐకెన్‌బర్గ్ 1901లో జర్మనీలోని కొలోన్‌లో పుట్టాడు. హిట్లర్ మీద కార్టూన్లు వేసి, 1933లో దేశం విడిచి అమెరికా చేరాడు. 1949లో ఆయనకు డొరొతీ డేతో పరిచయమైంది. న్యూయార్క్‌లో పేదలకు భోజనం పెడుతూ 'క్యాథలిక్ వర్కర్' పత్రిక నడిపిన మనిషి ఆమె. పత్రిక వెల ఒక్క సెంటు, అంటే డాలరులో నూరో వంతు. చదవలేని వాళ్లకూ విషయం అందాలంటే బొమ్మలు కావాలని ఆమె అడిగితే, ఆయన పైసా తీసుకోకుండా చెక్కి ఇచ్చాడు.

1950 ప్రాంతంలో చేసిన 'క్రైస్ట్ ఆఫ్ ది బ్రెడ్‌లైన్స్' వాటిలో బాగా పేరున్నది. రొట్టె కోసం పేదలు క్యూ కట్టారు. చలికి ముడుచుకున్న ఆ మనుషుల మధ్య, తల చుట్టూ వెలుగుతో క్రీస్తు. ఐదు రొట్టెలు ఐదు వేల మందికి పంచినవాడు ఇక్కడ తన వంతు కోసం నిలబడ్డాడు! ఆకలిగా ఉన్నవాడికి పెడితే నాకు పెట్టినట్టేనని మత్తయి సువార్త 25వ అధ్యాయంలో ఆయన చెప్పిన మాటే ఈ బొమ్మ. ఇందులో డబ్బు సంచులు లేవు, బొజ్జ పెంచిన షావుకారు లేడు. దురాశ చేసిన పని మాత్రం ఉంది, ఆ క్యూ రూపంలో. అత్యాశ మీద ఇంతకంటే గట్టి బొమ్మ నేను చూడలేదు.

ఇది వుడ్ ఎన్‌గ్రేవింగ్. గట్టి చెక్క మీద సన్నని ఉలితో గీసి, సిరా పూసి కాగితం మీద అద్దితే, గీసినచోట తెలుపు, వదిలేసినచోట నలుపు పడుతుంది. ఎన్ని కాపీలైనా తియ్యొచ్చు, అక్షరాల పక్కనే అచ్చువెయ్యొచ్చు. అంటే వార్తాపత్రికే దీనికి అసలైన చోటు. బీరువాలో తాళం వేసి దాచుకోవడానికి పుట్టిన కళ కాదు.

కాబట్టి నా విన్నపం ఇది. మీ ఆదివారం అనుబంధంలో నెలకొక అచ్చుబొమ్మకు పావు పేజీ కేటాయించండి. విజయవాడలో ఉండి బైబిలు ఘట్టాలను వుడ్‌కట్‌లుగా (చెక్క అచ్చుబొమ్మలుగా), బాతిక్‌లుగా (మైనం పూసి రంగులద్దిన బట్ట మీది బొమ్మలుగా) మలచిన పి. సాల్మన్ రాజ్ గారితో మొదలుపెట్టవచ్చు. హక్కులున్నవారి అనుమతి తీసుకోండి, బొమ్మను పెద్దదిగా వేయండి, దాని వెనుక కథ నాలుగు మాటల్లో చెప్పండి. ధర మాత్రం రాయకండి.

– విశ్రాంత డ్రాయింగ్ మాస్టారు, గుంటూరు