నీ ఈసీజీ గీతల సంగతి

ఒరేయ్ మామా,

నువ్వు పంపిన ఈసీజీ ఫోటో చూశాను. "నార్మల్ అన్నారు సరే, ఈ గుట్టలూ మొనలూ ఏంట్రా" అన్నావుగా, తీరిగ్గా కూర్చుని రాస్తున్నా.

ముందు గళ్ళు చూడు. కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్లు జరుగుతుంది. అంటే చిన్న గడి 0.04 సెకను, పెద్ద గడి 0.2 సెకను. రెండు పొడుగాటి మొనల మధ్య పెద్ద గళ్ళెన్నో చూసి, 300ని దాంతో భాగించు. నీకు నాలుగున్నాయి, అంటే నిమిషానికి 75. భేషుగ్గా ఉంది.

మెదడు చెబితేనే గుండె కొట్టుకుంటుందని నువ్వూ అనుకుంటున్నావేమో, కాదురా. కుడి పై గది గోడలో ఎస్ఏ నోడ్ అని కణాల గుంపు ఉంది, కరెంటు అక్కడే పుడుతుంది. నరాలు దాని వేగాన్ని పెంచుతాయి, తగ్గిస్తాయి, అంతే. ఆ కరెంటు పై గదులంతా పాకేటప్పుడు లేచే చిన్న గుట్టే పీ. దాని వెనకాల గీత కాస్త చదునుగా పోతుంది చూశావా? అందరి కళ్ళూ పెద్ద మొన మీదకే పోతాయి గానీ, నాకు మాత్రం ఆ చదును ముక్కే ఇష్టం. అక్కడ ఏమీ జరగనట్టు ఉంటుంది. కానీ అప్పుడే కరెంటు, పై గదులకీ కింది గదులకీ మధ్య గేటులా ఉండే ఏవీ నోడ్‌లో నత్తనడక నడుస్తూ ఉంటుంది, దాదాపు సెకనులో పదో వంతు. పై గదుల రక్తం కిందికి దిగకముందే కింది గదులు బిగుసుకుంటే ఎలా? జనమంతా ఎక్కేదాకా "రైట్" చెప్పని కండక్టరన్నమాట. ఆ నోడ్ మరీ చిన్నది, దాని అలికిడి చర్మం దాకా రాదు, అందుకే గీత లేవదు. పీ మొదలు నుంచి మొన మొదలు దాకా మూడు నుంచి ఐదు చిన్న గళ్ళు ఉండాలి. నీకు నాలుగు.

అక్కడ దాటాక ఇక పరుగే. కరెంటును మోసుకెళ్ళే హిస్ కట్ట, పర్కింజీ తంతువుల మీదుగా కింది గదులంతా చిటికెలో అందుకుంటాయి, క్యూఆర్ఎస్ అనే ఆ పెద్ద మొన సన్నగా నిటారుగా లేచేది అందుకే. చివర్లో ఆ గదులు మళ్ళీ సిద్ధమవుతుంటే టీ అనే గుట్ట వస్తుంది. పై గదులు సిద్ధమవడం కూడా జరుగుతుంది గానీ, పెద్ద మొన కింద పడి కనపడదు పాపం.

ఒంటికి అతికించిన స్టిక్కర్లు పదైతే పన్నెండు లీడ్లేంటి అన్నావు కదా. లీడ్ అంటే గుండె కరెంటును ఒక వైపు నుంచి చూసిన గీత. కుడి కాలిది లెక్కలోకి రాదు, అది ఎర్త్ లాంటిది. రెండు చేతులనీ ఎడమ కాలినీ రకరకాలుగా జత కలిపి ఆరు, ఛాతీ మీద ఆరు. ఈసీజీ యంత్రం చేసిన ఐంథోవెన్ కాలంలో ఈ స్టిక్కర్లెక్కడివి, చేతులూ కాలూ ఉప్పునీళ్ళ తొట్టెల్లో పెట్టి కూర్చోవాల్సిందే! ఆయనకి 1924లో నోబెల్ ఇచ్చారు. అంతకుముందే 1887లో లండన్‌లో వాలర్ అనే శాస్త్రవేత్త మనిషి గుండె కరెంటును శరీరం పైనుంచే నమోదు చేశాడు. తర్వాత తన కుక్క జిమ్మీని కూడా ఉప్పునీళ్ళలో నిలబెట్టి చూపించేవాడు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తా. మెట్లెక్కుతుంటే ఛాతీ పట్టేస్తోందని రాశావు. ఈ కాగితంలో ఉన్నది పడుకున్నప్పటి పది సెకన్ల కరెంటు. రక్తనాళాల్లో పూడిక ఉన్నా, కదలకుండా ఉన్నప్పుడు ఇది నార్మల్‌గానే రావచ్చు. ఆ నొప్పి మాట డాక్టరుకి చెప్పావా? చెప్పకపోతే రేపే వెళ్ళు. కూర్చున్నప్పుడు కూడా నొప్పి వచ్చి తగ్గకపోతే రేపటి దాకా ఆగకు, వెంటనే ఆసుపత్రికి పో. ఈ కాగితం పట్టుకెళ్ళు, కొత్తదానితో పోల్చి చూస్తారు. జిరాక్స్ కూడా తీయించు, ఆ కాగితం మీద గీతలు కొన్నాళ్ళకి వెలిసిపోతాయి.

డాక్టరు ఏమన్నాడో రాయి.

నీ మామ